లాకు తలుపు మీద పేర్లు

తప్పు కనిపిస్తే ఊరుకోలేని జబ్బు నాది. తెలుగు టీచరుగా రిటైరై ఇన్నేళ్ళయినా అది తగ్గలేదు. పెళ్ళి శుభలేఖ చేతికొస్తే ముహూర్తం కంటే ముందు ఒత్తులు చూస్తాను. గుడివాడలో మా వీధి చివర టీ కొట్టు బోర్డులో దీర్ఘం లేదని కొట్టతనితో వారం రోజులు పోరాడి, చివరికి నేనే సుద్దముక్కతో దిద్ది వచ్చాను. అతను నాకు ఒక టీ ఇచ్చి, ఇక రావద్దన్నట్టు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

అందుకే మా బావకి ఒక రాతపని పడగానే నేను గుర్తొచ్చాను. బావ మా మేనత్త కొడుకు. పుట్టింది దివిసీమలో, కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే కాలవ చివర పాతిక ఇళ్ళున్న ఒక పల్లెలో. ఉప్పెన వచ్చిన ఏడు గుడివాడలో మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు కాబట్టి మిగిలాడు. మా మేనత్తా మావయ్యా ఆ వారం ఏదో పెళ్ళికని మా ఊరే వచ్చి ఉన్నారు. బావ నాయనమ్మ ఇల్లు కనిపెట్టుకుని అక్కడే ఉండిపోయి, ఉప్పెనలో పోయింది. బావని పెంచింది ఆవిడే. ఆ తర్వాత వాళ్ళు ఆ పల్లెకి తిరిగి కాపురానికి వెళ్ళలేదు. బావ గుడివాడలోనే రైసు మిల్లు పెట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన ఒక టేకు చెక్క ఆ పల్లెలో ఉందని మాకందరికీ తెలుసు. నేనెప్పుడూ చూడలేదు. ఆ మధ్య బావ స్నేహితుల్ని వెంటబెట్టుకుని హంసలదీవి వెళ్తూ, దారిలో కారు ఆపి దాన్ని చూపించాడట. చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి, అద్దంలో కనిపించినట్టు. స్నేహితులు పగలబడి నవ్వారట.

"మా నాయనమ్మ పేరు చూసి నవ్వారే," అన్నాడు బావ మా ఇంటికొచ్చి కూర్చుని. "ఎవడో చదువురానివాడు చెక్కాడు. నల్లరాయి పలకకి ఆర్డరిచ్చేశాను. ఆ చెక్క పీకించి దాని చోట పెట్టిస్తా. నువ్వెళ్ళి ఆ పేర్లన్నీ తిన్నగా ఎత్తిరాసుకు రా. నీ చేతిరాతే రాయి మీద చెక్కిస్తాను."

చేతిరాత రాయికెక్కుతుందంటే ఎవరికి చేదు? సరేనన్నాను.

దసరా వెళ్ళిన తర్వాత బయల్దేరాను. వరిచేలు ఈనడానికి సిద్ధంగా పొట్ట మీద ఉన్నాయి. పామర్రు, కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి, బస్సు కిటికీలోంచి చూసినంత మేరా ఒకటే ఆకుపచ్చ. ఎలాగూ వచ్చాను కదా అని ముందు ఘంటసాలలో దిగి మ్యూజియం చూశాను. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. బౌద్ధుల కాలం నాటి తెల్లరాతి మీద తామరపూలు, నీళ్ళకుండలు, తల కాస్త వంచి నిలబడ్డ మనుషులు. పక్కనే ఇటుకల స్తూపం, దాని చుట్టూ మేకలు. ఇన్ని వందల ఏళ్ళ కిందట ఇక్కడికి ఓడలొచ్చేవంటే ఆ మేకలు నమ్మవు గాని నేను నమ్ముతాను. ఆ రాయంతా ఎక్కడో ఎగువ నుంచి నది మీద దిగినదే. మా డెల్టాలో ఒండ్రుమట్టి తప్ప రాయనేది లేదు. పిట్టను అదిలించాలన్నా మట్టిబెడ్డే విసరాలి.

అవనిగడ్డలో బస్సు మారి, కోడూరులో ఆటో ఎక్కి, పల్లె చేరేసరికి పన్నెండయింది.

పాతిక ఇళ్ళు. కాలవ గట్టు మీద ఒక వరుసగా, ఎత్తరుగుల మీద నిలబడి ఉన్నాయి. సగం ఇళ్ళవాళ్ళు చేపల పనిలో ఉంటారు, సగం మంది కలంకారీ అచ్చులు అద్దుతారు. ఈ పనికి పెడనకున్న పేరు వీళ్ళకి లేదు. ఎప్పుడో బందరు నుంచి ఒక కుటుంబం వచ్చి, ఈ కాలవ నీళ్ళలో రంగు బాగా తేలుతోందని ఇక్కడే ఉండిపోయిందట. వాళ్ళను చూసి చుట్టుపక్కల వాళ్ళూ నేర్చుకున్నారు. గట్టంతా కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డలు. ఆ వగరు వాసనకి మొదటి పది నిమిషాలు ముక్కు చిట్లించాను, తర్వాత బాగానే ఉందనిపించింది.

అక్కడ నాకు ముందుగా నచ్చింది ఒక చిన్న అలవాటు. గట్టు మీద నడిచేవాళ్ళు ఎవరైనా సరే, ఒకవైపు ఎండిన గుడ్డ కనిపిస్తే వంగి తిరగేసి పోతున్నారు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్నావిడ కూడా బుట్ట దించి, తిరగేసి, మళ్ళీ ఎత్తుకుంది. ఆ గుడ్డ ఎవరిదని చూడడం లేదు. మా వీధిలో పక్కింటి వాళ్ళ బట్టలు వానకి తడుస్తుంటే కిటికీ మూసుకునే మనుషుల మధ్య బతుకుతున్నాను నేను. సిగ్గేసింది. నేనూ రెండు గుడ్డలు తిరగేశాను. రెండోది ఇంకా పచ్చిగా ఉందట, ఎవరో నవ్వుతూ వచ్చి మళ్ళీ మొదటివైపుకి తిప్పారు.

పేర్ల చెక్క పల్లె మధ్యలో, పెంకులు కప్పిన ఒక చిన్న పాకలో ఉంది. నిలువెత్తు టేకు, రెండు జానల వెడల్పు, బెత్తెడు మందం. నేను ఏదో పుచ్చిపోయిన చెక్క అనుకుని వెళ్ళాను. ఇది నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది. అక్షరాలు లోపలికి తొలిచినవి కావు. చుట్టూ ఉన్న చెక్కంతా తీసేసి అక్షరాలను పైకి నిలబెట్టారు. ఒక్కో పేరూ ఒక్కో వరుస. అలా చెక్కడానికి ఎంత ఓపిక కావాలో నాకు అక్కడ నిలబడగానే అర్థమైంది. అంత ఓపికా పెట్టి అంతా తిరగరాసి పెట్టాడు మహానుభావుడు!

నేను హ్యాండుబ్యాగులోంచి చిన్న గుండ్రటి అద్దం తీశాను. ఎడమ చేత్తో అద్దం, కుడి చేత్తో పెన్ను, ఒళ్ళో కాగితం, ముక్కు మీద కళ్ళజోడు. చెక్కకి వీపు పెట్టి, అద్దంలో చూస్తూ రాయడం మొదలుపెట్టాను. మూడు పేర్లు రాసేసరికి మెడ పట్టేసింది. మూడోది బావ నాయనమ్మది. నాలుగో పేరు దగ్గర కళ్ళజోడు జారి కింద పడింది.

"అద్దంతో ఎందుకండీ తంటాలు?" అని ఎవరో అన్నారు.

అరవై దాటిన మనిషి. తలమీదుగా కొంగు, చేతిలో నూనె గిన్నె, పాత గుడ్డపేలిక. ఈ చెక్క చెక్కిన సాయిబు గారి భార్యనని చెప్పింది. ప్రతి శుక్రవారం వచ్చి చెక్కకి నూనె పట్టిస్తుందట.

"ఉండండి, గుడ్డ తెస్తాను," అని వెళ్ళిపోయింది.

గుడ్డ ఏమిటో, చెమట తుడుచుకోవడానికేమో అనుకున్నాను. ఆవిడ పక్కింట్లోంచి ఒక మడత పట్టుకొచ్చి అరుగు మీద పరిచింది. లేత పసుపు గుడ్డ, చెక్కంత పొడవు. దాని మీద నల్లటి అక్షరాలతో పేర్లు, వరుసగా, తిన్నగా, తేటగా ఉన్నాయి. చిన్నపిల్లలు కూడబలుక్కుని చదువుకోవచ్చు.

గుడ్డనీ చెక్కనీ మార్చి మార్చి చూశాను. ఆ చెక్క పేర్ల పలక కాదు, అచ్చు. ఇంతసేపూ నేను అచ్చును చదవబోయి తిట్టుకున్నాను.

"మా ఆయన అచ్చులు చెక్కే మనిషండీ," అంది ఆవిడ పక్కన కూర్చుని. "ఉప్పెన పోయాక కాలవ నీళ్ళు ఆపే లాకు తలుపు ఒకటి కొట్టుకొచ్చి మా చేలో పడిందంట. పోయినోళ్ళ పేర్లు దాని మీద చెక్కరా అన్నారంట పెద్దోళ్ళు. ఇక్కడ రాయెక్కడ దొరుకుద్ది? ఎవరో కాగితం మీద రాసిచ్చారు. ఈయన ఎప్పట్లాగే కాగితం బోర్లించి చెక్క మీద అంటించాడు, చెక్కుకుంటా పోయాడు. మతి ఎక్కడుందండీ అప్పుడు? అంతా అయిపోయి నిలబెట్టాక, చదువొచ్చినాయన ఒకాయన, ఇదేంటయ్యా అన్నాడంట. ఈయన తల పట్టుకు కూలబడిపోయాడంట."

"మరి?"

"మా అద్దకం వాళ్ళలో ఓ ముసలావిడ ఉండేదండీ. అచ్చులు చెక్కేవోడి చెయ్యి అచ్చే చెక్కుద్ది, ఏడుపెందుకు, అద్దండి, అందంట. అప్పట్నుంచీ ఏటా ఉప్పెన రోజున అద్దుతాం."

ఏటా ఒకటే గుడ్డ. ఒక్కో ఏడూ ఒక్కో ఇంటి వంతు. గుడ్డ ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉంటుంది. మరుసటి ఏడు కొత్త గుడ్డ అద్దేటప్పుడు, పాతగుడ్డ ఉన్న ఇంటివాళ్ళు అందరి ముందూ ఆ పేర్లన్నీ చదవాలి. చదువురానివాళ్ళు ముందు నెల నుంచీ పిల్లల చేత చెప్పించుకుని కంఠతా పడతారట. మనవాళ్ళు కట్టిన స్మారకాల దగ్గర నేను ఎన్నోసార్లు నిలబడ్డాను. పేర్లు చూసి, పోల్చుకోలేక, ఫొటో తీసుకుని వచ్చేశాను. ఇక్కడ పాతిక ఇళ్ళవాళ్ళకి ప్రతి పేరూ నోటికి వచ్చు. ఇంత తెలివైన పద్ధతి, ఇంత మర్యాద గల పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. పైగా ఇది ఒక పొరపాటు కడుపున పుట్టింది.

గుడ్డ చూసి ఎత్తిరాయడం పది నిమిషాల పని. ముప్పై పేర్లు రాశాను. ముప్పై ఒకటో పేరు దగ్గర పెన్ను ఆగింది. చిట్టచివర, అంచుకు ఆనుకుని ఉన్న ఆ ఒక్క పేరూ గుడ్డ మీద తిరగబడి ఉంది. చెక్క వైపు చూశాను. చెక్క మీద అదొక్కటే తిన్నగా ఉంది.

నా జబ్బు ఊరుకుంటుందా? "ఇదిగో, ఇదొక్కటీ తప్పు పడిందండీ," అన్నాను వేలు పెట్టి.

ఆవిడ నూనెగుడ్డ పక్కన పెట్టింది. "తప్పు కాదండీ. అది మా అక్క పేరు."

"మీ తోబుట్టువా?"

"కాదండీ. ఆయన మొదటి భార్య. ఉప్పెనప్పటికి పెళ్ళై ఏడాదంట."

ఆ అమ్మాయి ఆచూకీ దొరకలేదట. అందరూ తమవాళ్ళ పేర్లు రాసి ఇస్తుంటే సాయిబు గారు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే ఒప్పుకున్నట్టేనని. రెండేళ్ళు బందరు, రేపల్లె, బాపట్ల, ఎవరు ఏ ఊరు చెబితే ఆ ఊరు తిరిగాడు. ఒక రోజు వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా, చెక్క అడుగున మిగిలిన జానెడు చోటులో కాగితం లేకుండా తన చేత్తోనే ఆ పేరు చెక్కాడు.

"అప్పటికి ఆయనకి తన పొరపాటు తెలిసింది కాబట్టి తిన్నగా చెక్కి ఉంటారు," అన్నాను. ఆవిడ గుడ్డ అంచున ముడత సవరించింది. "ఎందుకలా చెక్కావని నేనెప్పుడూ అడగలేదండీ," అంది.

మధ్యాహ్నం నమాజుకి పక్క ఊరు వెళ్ళిన సాయిబు గారు తిరిగొచ్చారు. పొడగరి, తెల్లటి లుంగీ, ముదురు రంగు కళ్ళద్దాలు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురు, నీడ మాత్రం తెలుస్తాయట. ఉలి ముట్టుకుని చాలా ఏళ్ళయిందన్నారు. గోంగూర రొయ్యలు, చారు, గడ్డపెరుగుతో నాకు భోజనం పెట్టించి, ఆ తర్వాతే ఎందుకొచ్చానని అడిగారు.

బావ నల్లరాయి సంగతి చెప్పాల్సి వచ్చింది. నమిలి నమిలి చెప్పాను. ఈ చెక్క తీసేసి దాని చోట పలక నిలబెడతారన్నాను. సాయిబు గారి భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం అంతా నిదానంగా విన్నారు.

"పెట్టుకోనివ్వండమ్మా," అన్నారు. "ఆయన నాయనమ్మ నాకూ తెలుసు. నేను పని చేసుకుంటా ఉంటే మజ్జిగ పంపేది. ఆవిడ పేరు తిన్నగా కనపడాలని మనవడికి ఉండదా మరి? నేను చేసిందేగా తప్పు."

"మీరు వద్దంటే నేను చెప్తానండీ బావతో."

"వద్దనను. ఒక్కటే మాట చెప్పండి మీ బావగారితో. చెక్క పీకినప్పుడు పారెయ్యకుండా, ఆ అడుగు జానెడు ముక్క మాత్రం కోయించి నాకిమ్మనండి. పైదంతా ఏం చేసుకున్నా సరే."

తలాడించాను. ఆయనకు తలాడించడం కనిపించదని తర్వాత గుర్తొచ్చి, "అలాగేనండీ," అన్నాను.

నేను లేస్తుంటే, "బందరు మీదుగా వెళ్తారా?" అని అడిగారు. "అయితే డచ్చోళ్ళ సమాధులు చూడండి. కుర్రతనంలో ఉబ్బెత్తు అక్షరం చెక్కడం నేను ఆ రాళ్ళు తడిమే నేర్చుకున్నా."

ఆ సాయంత్రం హంసలదీవి వెళ్ళి గోపాలస్వామి గుడి చూసుకుని, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడ్డాను. ఎక్కడ నది ఆగుతుందో, ఎక్కడ సముద్రం మొదలవుతుందో తెలియదు. అంత ప్రశాంతంగా ఉన్న నీళ్ళు ఆ రోజు అంత పని చేశాయంటే నమ్మబుద్ధి కాదు. కోపం కూడా వచ్చింది నాకు. నీళ్ళ మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? ఉల్లిపాలెం వంతెన మీదుగా బందరు చేరి, నాతో పనిచేసిన ఒక టీచరమ్మ ఇంట్లో పడుకున్నాను.

పొద్దున్నే సమాధులు చూశాను. పెద్ద పెద్ద రాతిపలకల మీద కిరీటాలు, డాళ్ళు, పువ్వులు, ఉబ్బెత్తు అక్షరాలు. సాయిబు గారు అబద్ధమాడలేదు, పనితనమంటే అదీ. ఎక్కడో చల్లటి దేశంలో పుట్టి, మా బందరు ఎండలో వ్యాపారం చేసి పోయిన మనుషులు. ఒక్క అక్షరమూ చెక్కుచెదరలేదు. కానీ ఒక పలక చూపించి ఆ పేరు ఎవరిదని కాపలా అతన్ని అడిగితే, "ఎవరికి తెలుసండీ, పాతోళ్ళవి," అన్నాడు. నేను ఒక పలక మీది అక్షరాలను వేలితో తడిమి చూశాను. తిన్నగా చెక్కినంత మాత్రాన పేరు నిలబడదని మొదటిసారి అక్కడ అనిపించింది, అక్షరాలు దిద్దుకుంటూ బతికిన నాకు.

గుడివాడ రాగానే బావ చెయ్యి చాపాడు. "కాగితం ఏది?"

"ఇవ్వను."

"రాయలేదా?"

"రాశాను. సంచిలో ఉంది. ఉప్పెన రోజున నువ్వు ఆ ఊరొచ్చి ఒకసారి చూడు. చూశాక కూడా కావాలంటే అక్కడే ఇస్తాను."

బావ మండిపడ్డాడు. రాయి వచ్చేసిందని, చెక్కేవాడు కాచుక్కూర్చున్నాడని అరిచాడు. నిన్ను పంపడం నాదే బుద్ధి తక్కువన్నాడు. నేనూ తగ్గలేదు. నిజానికి నాకు తెలుసు, ఆయనకి కోపం నా మీద కాదు. ఏటా ఆ రోజున మిల్లు మూసేసి, గదిలో గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అన్నం కూడా తినడు. ఆ రోజున ఆ ఊరు ముఖం చూడమంటున్నాను నేను.

"ఆవిడ నన్ను పెంచిందే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఆ రోజు అక్కడ ఎలా నిలబడను?"

"నేను పక్కనుంటాను బావా," అన్నాను.

వచ్చాడు. మొండివాడు కదా, ఏమీ చెక్కని ఆ నల్లరాయిని కూడా చిన్న లారీలో వేయించి వెనకాల తెప్పించాడు. దాని ముందు కారులో మేమిద్దరం. పామర్రు దాటినా, చల్లపల్లి దాటినా బావ అద్దంలోంచి వెనకాల లారీనే చూసుకుంటున్నాడు.

మేం వెళ్ళేసరికి చెక్కను పాకలోంచి దించి, కింద దుప్పట్లు పరిచి వెల్లకిలా పడుకోబెట్టారు. పాతిక ఇళ్ళ మనుషులూ చుట్టూ ఉన్నారు. వేటకి ఎవరూ వెళ్ళలేదు. బెల్లం నీళ్ళలో ఇనప ముక్కలు నానబెట్టి తీసిన రంగులో జిగురు కలిపి అక్షరాలకి పట్టించారు. కరక్కాయ గుడ్డను నలుగురు ఆడవాళ్ళు నాలుగు కొసలు పట్టుకుని, ముడత పడకుండా దాని మీదికి దించారు. అందరూ వంగి అరచేతులతో అదమసాగారు. బావ దూరంగా కారు పక్కనే నిలబడిపోయాడు.

"మిల్లు బాబు గారు వచ్చారా?" అన్నారు సాయిబు గారు, మొహం అటు తిప్పి. "రండి బాబూ. పైనుంచి మూడో వరుస మీరు అదమండి."

బావ నా వైపు చూశాడు. చెప్పులు విడిచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, మూడో వరుస మీద రెండు చేతులూ ఆనించాడు. అందరూ చేతులు తీసేశాక కూడా తియ్యలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

గుడ్డ ఎత్తారు. ఆ రంగుదొక గమ్మత్తు. అద్దగానే బూడిద రంగులో వెలిసినట్టు ఉంటుంది. గాలి తగిలే కొద్దీ చూస్తుండగానే నల్లబడుతుంది. మూడో వరుసలో బావ నాయనమ్మ పేరు మెల్లగా తేలి, తిన్నగా, నల్లగా నిలబడింది. బావ పెదాలు కదిపి చదువుకున్నాడు.

అప్పుడు సాయిబు గారి భార్య ఇంట్లోంచి ఒక మడత తెచ్చి బావ చేతిలో పెట్టింది. పాత గుడ్డ, మడతల దగ్గర పసుపు వెలిసి తెల్లబడింది. "ఇది మీ ఇంటి వంతుదండీ. మీరు వెళ్ళిపోయాక ఒకసారి మీ వంతు వచ్చింది. ఊరొదిలేసినా ఇల్లు ఇల్లేగదండీ. మీరొచ్చినప్పుడు ఇద్దామని పెట్లో దాచాం."

ఎన్నేళ్ళ కిందటి గుడ్డో అది. కలరా ఉండల వాసన వేస్తోంది. బావ దాన్ని విప్పలేదు, మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన అలా ఏడవగా నేను చూడడం అదే మొదలు. నా కళ్ళూ ఆగలేదు.

"ఈసారి చదివేది మీరే," అన్నారు ఎవరో. పోయినేటి గుడ్డ ఉన్న ఇంటివాళ్ళు తమ వంతు ఇచ్చేశారు. బావ తన ఇంటి గుడ్డ విప్పి, ముక్కు తుడుచుకుని, ఒక్కో పేరూ పైకి చదివాడు. మూడో పేరు రెండుసార్లు చదివాడు. ముప్పై పేర్లు అయ్యాయి. ముప్పై ఒకటో దాని దగ్గర తడబడి, అచ్చం నాలాగే, "ఇదేదో తిరగబడిందండీ," అన్నాడు.

"అది మీరు చదవద్దండీ," అంది సాయిబు గారి భార్య మెల్లగా. "అది గుడ్డ కోసం చెక్కింది కాదు."

సాయిబు గారు చెక్క చివర మఠం వేసుకుని కూర్చుని ఉన్నారు. చెయ్యి చాపి అడుగు అంచు వెతుక్కున్నారు. చూపుడు వేలు మొదటి అక్షరం మీద పెట్టి, రంగు ఇంకా తడిగా ఉన్న ఆ ఉబ్బెత్తు అక్షరాల మీదుగా ఎడమ నుంచి కుడికి నడిపారు. వేలు నల్లబడింది. చివరికి వచ్చాక ఆ పేరు ఒక్కసారి పలికారు. అందరికీ వినిపించాలని కాదు, లోపలి గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఆయన ఆ పేరు తిన్నగా చెక్కింది పొరపాటు తెలిసొచ్చి కాదు. తను చదువుకోవడానికి చెక్కుకున్నారు. నేను అక్షరాలు మాత్రమే చూశాను.

భోజనాల తర్వాత లారీ డ్రైవరు రాయి ఎక్కడ దించమంటారని వచ్చాడు. బావ నేల చూపులు చూస్తున్నాడు. సాయిబు గారు చేయి పట్టించుకుని లారీ దగ్గరికి వెళ్ళి, పలకను రెండు అరచేతులతో తడిమారు. "నునుపు బాగుంది బాబూ. మా అద్దకం బల్ల వంగిపోయింది, కొత్తది కావాలి. దీని మీద ఏమీ చెక్కించకండి," అన్నారు. బావ నవ్వాడు. గుడివాడ నుంచి బయల్దేరాక అదే మొదటి నవ్వు. నల్లరాయిని అద్దకం పాకలో దించారు. నేను సంచిలోని కాగితం తీసి చూపిస్తే, "నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు.

చీకటి పడకముందే బయల్దేరాలి. బావ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాడు. చెక్కను మళ్ళీ పాకలో నిలబెట్టేశారు. సాయిబు గారి భార్య రంగు కడిగేసి, నూనె గిన్నెతో దాని ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చుని, నోరు ఊరుకోక అడిగాను, "ఆయన తర్వాత ఆ పేరు ఎవరు చదువుతారండీ?"

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. కింది అంచున వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరమూ ఆగి ఆగి తడుముతూ, చివరిదాకా వెళ్ళింది. ఒక్క గుణింతం కూడా తప్పలేదు.

"నాకు చదువు రాదండీ," అంది. "ఈ ఒక్క పేరే వచ్చు."